బోర్లా పడుకునే ఉద్యోగం

నాన్నకి, నీ పిడుగు నమస్కారాలు.

వచ్చి నెల దాటింది, నేను క్షేమం. నీ కార్డు అందింది. గది కూడా దొరికింది. కింద పడవల ఇంజన్లు బాగుచేసే షెడ్డు, పైన నేను. తెల్లారేసరికి ఎవరో ఒకరు ఇంజన్ స్టార్ట్ చేస్తారు, నా మంచం గది మధ్యకి నడిచొస్తుంది. అలారం గడియారం ఖర్చు తప్పింది.

ఉద్యోగం సంగతి వివరంగా రాయమన్నావు. సముద్రపు ఒడ్డున తిరిగే చిన్న పిట్టల మంచిచెడ్డలు చూసే ఆఫీసు ఇది. నా పని వాటిని దగ్గర నుంచి ఫోటోలు తీయడం. ఉల్లంకి పిట్టలంటారు, గుప్పెడంత ఉంటాయి. అల వెనక్కి పోతే దాని వెంటే పరిగెత్తి తడి ఇసుకలో పురుగులు ఏరుకుంటాయి. అల తిరిగొస్తే కాళ్ళు తడవకుండా ఒడ్డుకి పరుగో పరుగు. స్కూలు బస్సు తప్పిపోతుందని మన కొట్టు ముందు పరిగెత్తే పిల్లలు గుర్తొస్తారు.

మా పై అధికారిని మేడమ్ అంటాం. మనిషి మంచిదే, మాట మాత్రం పొదుపు. ఈ సీజనంతా నా పని చూస్తుందట. పిట్టలు వెళ్ళిపోయేలోగా పనికొస్తాననిపిస్తే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే. "వచ్చేస్తే కౌంటర్ దగ్గర నీ స్టూలు నీకుంది" అని బస్సెక్కిస్తూ అన్నావు. ఆ స్టూలు మీద నీ గొడుగే ఉండనీ నాన్నా.

ఆఫీసులో నాకు కుర్చీ ఉందా అని అమ్మ అడిగిందన్నావు. ఉంది. చేతులున్న కుర్చీ.

మాటిచ్చినట్టే బట్టలు ఇక్కడ ఎవరికీ వేయడం లేదు. ఇస్త్రీ కొట్టు వాడి కూతురు ఇంకో లాండ్రీ గుమ్మం ఎక్కితే నీ పరువు పోతుందన్నావుగా. మూట కట్టి బస్సు కండక్టరుకి ఇస్తున్నాను. ఈ ఉత్తరం పై చొక్కా జేబులో పెడుతున్నాను. మూట విప్పగానే నీ చెయ్యి ముందు జేబులోకే పోతుందని తెలుసు.

ఉంటాను,
నీ పిడుగు

తా.క. చొక్కాలకి గంజి పెట్టకు నాన్నా. ఎందుకో తర్వాత రాస్తాను.

*

పిడుగుకి నాన్న దీవెనలు.

మూట అందింది. ఉత్తరం చదివి సంతోషించాను. తర్వాత బట్టలు విప్పాను. సంతోషం పోయింది.

నువ్వు పుట్టకముందు నుంచీ ఊళ్ళోవాళ్ళ బట్టలు చూస్తున్నాను తల్లీ. మనిషి అబద్ధం చెప్పినా బట్ట చెప్పదు. జేబు కింద సిరా ఉంటే గుమస్తా, వీపు మీద చెమట ఉప్పు తేలితే డ్రైవరు. నీ చొక్కాలు బల్ల మీద వరసగా పరిచాను. ముందు వైపు కాలరు నుంచి చివరి గుండీ దాకా బురద. వెనక వైపు ఒక్క మచ్చ లేదు. మోచేతుల దగ్గర బట్ట అరిగిపోయి అవతలి వెలుగు కనిపిస్తోంది. ప్యాంట్లకి మోకాళ్ళన్నవే లేవు. కూర్చునే చోట మాత్రం కొన్ననాడు ఎలా ఉందో అలాగే ఉంది. కుర్చీలో కూర్చునేవాళ్ళ ప్యాంటు అక్కడ నునుపు తేలి మెరుస్తుంది. నీది మెరవడం లేదు.

మీ అమ్మ చూసి, పిల్లకి చూపు తగ్గింది, అడుగడుక్కీ పడిపోతోంది, కళ్ళజోడు పెట్టించాలంది. పడితే ఒక పక్క బురదవుతుంది, ఇలా ఇస్త్రీ పెట్టినట్టు సమానంగా అవుతుందా? మీ బాబాయి వచ్చి, బల్లల కింద దూరి తుడవమంటున్నారేమో అన్నాడు. అలాగైతే వీపుకి బూజు అంటాలి. అంటలేదు. ఇక మిగిలింది ఒక్కటే. రోజూ నిన్ను ఎవరి కాళ్ళ మీద పడమంటున్నారు? ఆ మేడమేనా?

మా నాన్న నిలబడి ఇస్త్రీ చేశాడు. నేనూ నిలబడే చేస్తున్నాను. మీ బాబాయి పనే చెయ్యడు గాని, చేసిన రోజున నిలబడే చేస్తాడు. మన ఇంట్లో నువ్వొక్కదానివైనా కూర్చుని పని చెయ్యాలని చదివించాను. కాళ్ళ మీద పడటానికి కాదు. నిజం రాయి.

మీ నాన్న

తా.క. గంజి వద్దన్నావు గాని రెట్టింపు పెట్టాను. ఇది తొడుక్కున్న మనిషి వంగమన్నా వంగలేదు. ఆవిడ ఏం చేస్తుందో చూద్దాం.

*

నాన్నకి, నీ పిడుగు నమస్కారాలు, ముందుగానే క్షమాపణలు.

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేను ఎవరి కాళ్ళ మీదా పడటం లేదు. ఎవరూ పడమనలేదు. నా ఉద్యోగమే బోర్లా పడుకునేది.

కోపం తెచ్చుకోకుండా విను. నిలబడి ఫోటో తీస్తే పిట్ట వీపు తప్ప ఏమీ రాదు. మేడ మీద నుంచి రోడ్డున పోయేవాళ్ళ బట్టతలలు చూసినట్టు ఉంటుంది. దాని ముఖం, ముక్కు చివర నీటిబొట్టు, కంట్లో ఆకాశం ఇవన్నీ రావాలంటే నా కళ్ళు దాని కళ్ళంత ఎత్తులోనే ఉండాలి. దాని ఎత్తెంతో తెలుసా? నీ ఇస్త్రీ పెట్టె పక్కన నిలబడితే కనపడదు. అందుకని తడి ఇసుక మీద బోర్లా పడుకుని మోచేతులతో పాకుతాను. కాస్త పాకడం, ఆగడం. అవి తల ఎత్తితే చచ్చినట్టు పడి ఉండటం. కొంతసేపటికి నన్ను మరిచిపోయి వాటంతటవే దగ్గరికొస్తాయి. మొన్న ఒకటి ఎంత దగ్గరికొచ్చిందంటే ఫోటోలో దాని కన్ను తప్ప ఏమీ పట్టలేదు.

కుర్చీ మాట అబద్ధం కాదు. నిజంగానే ఉంది. దాని మీద తడి కోట్లు ఆరేస్తాం.

నీ గంజి చొక్కా తొడుక్కుని పాకాను. పాకినంత మేరా ఎవరో పాత పేపర్లు నలుపుతున్నట్టు చప్పుడు. ఒడ్డంతా ఖాళీ. మేడమ్ నన్ను కిందా మీదా చూసి, "చొక్కా చాలా బాగుంది" అంది. ఆవిడ తిట్టేది అలాగే.

అసలు విషయం ఇది. కొన్ని పిట్టల కాలికి చిన్న పచ్చ పట్టీ ఉంటుంది, దాని మీద రెండక్షరాలు. ఎక్కడో దూరపు ఒడ్డున ఎవరో పట్టుకుని, పట్టీ కట్టి, వదిలేస్తారు. మా ఒడ్డుకి ఈసారి అలాంటిది ఒక్కటే వచ్చింది. దాని అక్షరాలు చదవగలిగే ఫోటో ఒక్కటి తెస్తే ఉద్యోగం నాదేనని మేడమ్ చెప్పేసింది.

దానికి నాకు రెండు వస్తువులు కావాలి. ఒకటి, ఇస్త్రీ బల్ల మీద నువ్వు పరిచే పాత దుప్పటి. పెట్టె వేడికి మాడి మాడి గోధుమరంగుకి తిరిగింది చూడు, అదే. అచ్చం ఇక్కడి తడి ఇసుక రంగు. అది కప్పుకుంటే నేను మనిషిని కాను, ఇసుక దిబ్బని. రెండోది, అమ్మ పక్కన పడేసిన పిడి ఊడిన పెనం. కెమెరా అందులో పెట్టి ఇసుక మీద తోసుకుంటూ పోతే కూరుకుపోదు.

ఉంటాను,
నీ పిడుగు

తా.క. దుప్పటి ఉన్నది ఉన్నట్టు పంపు. పిట్టలు నన్ను కరవవని అమ్మకి చెప్పు.

*

పిడుగుకి నాన్న దీవెనలు.

నీ ఉత్తరం నేను రెండుసార్లు చదివాను, బాబాయి ఒకసారి చదివి తల గోక్కున్నాడు. తలా తోకా దొరకలేదు గాని, పట్టీ దగ్గరికి వచ్చేసరికి నాకు వెలిగింది. మేం కాలరు లోపల చెరగని సిరాతో గుర్తు వేస్తాం, వాళ్ళు కాలికి వేస్తారు. గుర్తు ఎందుకు? ఎవరిది వాళ్ళకి చేరడానికి. అంటే ఎవరివో పిట్టలు తప్పిపోయాయి, వెతకమని నిన్ను పెట్టారు. ఇంతకాలం ఈ ముక్క సూటిగా చెప్పవేం?

అయితే దొరికినదాన్ని ఫోటో తీసి వదిలేయడం ఏమిటి? డాక్టరుగారి ప్యాంటు నా కొట్లో కనపడితే, దానికి ఫోటో తీసి ఆయనకి పంపి, ప్యాంటుని రోడ్డు మీద వదిలేస్తానా? పట్టుకుని బుట్టలో పెట్టి పంపించు. నీ వల్ల కాకపోతే బాబాయిని పంపుతాను, వాడు ఖాళీయే. వాడి సందేహం ఇంకొకటి ఉంది. పిట్ట పోయినవాళ్ళు వాళ్ళే వచ్చి వెతుక్కోవచ్చుగా?

మీ అమ్మకి పెనం దగ్గర అనుమానం పట్టుకుంది. ఒడ్డున పడుకుంటున్నానంది, దుప్పటి పంపమంది, ఇప్పుడు పెనం అడుగుతోంది, గదీ లేదు షెడ్డూ లేదు, పిల్ల ఇసుకలోనే కాపురం పెట్టింది, మనకి చెప్పలేక దాస్తోంది అని ఒకటే ఏడుపు. నేనెంత చెప్పినా వినలేదు. చెప్పగా చెప్పగా నాకూ అనుమానం వచ్చింది. పిడి ఊడిన పెనం పంపడానికి మనసొప్పక కొత్తది, పొడుగు పిడి ఉన్నది కొన్నాం. గరిటె, ఉప్పు డబ్బా, అగ్గిపెట్టె కూడా మూటలో ఉన్నాయి చూసుకో.

ఇక దుప్పటి. ఆ మాడిన గుడ్డ కప్పి నా కూతుర్ని నలుగురి కళ్ళ ముందు పడుకోబెడతానా? బ్లీచింగులో నానబెట్టాను. ఉతికాను. మళ్ళీ నానబెట్టాను. బాబాయి చేత కూడా ఉతికించాను, అంటే అర్థం చేసుకో. నీలిమందు పెట్టి ఎండలో ఆరేస్తే దారిన పోయేవాళ్ళు కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. హాయిగా కప్పుకో.

మీ నాన్న

తా.క. ఆ దుప్పటి మా నాన్న కొన్నప్పుడు తెల్లదేనని ఇన్నాళ్ళూ మాకెవరికీ తెలియదు.

*

నాన్నకి, నీ పిడుగు నమస్కారాలు.

కొంప ముంచావు నాన్నా.

దుప్పటి విప్పగానే నా గదిలో వెలుగొచ్చింది. తెల్లారకముందు అది కప్పుకుని ఇసుక మీద పాకుతుంటే, చేపలు పట్టుకునే ఆయనొకడు చూసి వలా బుట్టా వదిలేసి పరిగెత్తాడు. మనిషే పారిపోతే పిట్ట ఉంటుందా? దుప్పటిని బురదలో వేసి తొక్కాను. నీ ఉతుకు ఎంత గట్టిదో, బురద కూడా అంటడం లేదు. పెనం పిడి చెంపకి తగులుతుంటే కింది షెడ్డు ఇంజన్ల ఆయన రంపంతో కోసిచ్చాడు. ఎందుకని అడగలేదు, కొత్త పెనం పిడి కోయించుకునే మనిషిని ఏమడుగుతాడు? ఉప్పు డబ్బా ఆయనకిచ్చేశాను.

పిట్టలు ఎవరివీ కావు. తప్పిపోలేదు. పట్టుకుని పంపకూడదు. పట్టీ కట్టినవాళ్ళకి పిట్ట అక్కర్లేదు నాన్నా, అది బతికే ఉందన్న కబురు చాలు. ఎక్కడో ఎవరో చూసి, "మీరు కట్టిన పిట్ట మా ఒడ్డున ఉంది, బాగానే ఉంది" అని రాస్తారేమోనని ఎదురుచూస్తూ ఉంటారు. అంతే, ఇందులో ఇంకేమీ లేదు.

ఇప్పుడు నా కష్టం విను. ఆ పిట్ట కనపడింది. చాలాసార్లు కనపడింది. కానీ ఇవి ఒంటికాలి మీద నిలబడి కునుకు తీస్తాయి, రెండో కాలు పొట్ట ఈకల్లో దాచుకుంటాయి. ఇది ఏ కాలు దాచుకుంటుందో చెప్పు? పట్టీ ఉన్న కాలే. మెలకువగా ఉన్నప్పుడు తీద్దామంటే కాళ్ళు చక్రాల్లా తిరుగుతాయి, ఫోటోలో పచ్చ మరక తప్ప అక్షరం రాదు. గాలి మారుతోంది, ఈ వారం దాటితే పిట్టలు వెళ్ళిపోతాయి. "ఈ వారమే" అంది మేడమ్.

అందుకని రోజూ తెల్లారకముందే పాత జెట్టీ అవతలికి, జనం రాని చోటుకి వెళ్ళి, కదలకుండా పడి ఉండబోతున్నాను. ఎంతసేపైనా సరే. ఉత్తరం రాకపోతే కంగారు పడొద్దు.

ఉంటాను,
నీ పిడుగు

తా.క. నిన్న ఒక కుక్క వచ్చి నేను బతికున్నానో లేదో వాసన చూసి, తేల్చుకోలేక వెళ్ళిపోయింది. అంత బాగా కదలకుండా ఉండటం నేర్చుకున్నాను.

*

పిడుగుకి నాన్న దీవెనలు.

నీ ఉత్తరం మీ అమ్మకి సగమే చదివి వినిపించాను. కుక్క దాకా పోలేదు.

కదలకుండా అంటే ఎంత కదలకుండా? అల పెద్దది వస్తే? ఎండ నెత్తికెక్కితే? పిలిస్తే పలకడానికి ఎవరైనా దగ్గర్లో ఉంటారా? చదువుకున్నదానివి, నీకు నేను చెప్పేదేముంది. ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే స్టూలు ఉంది.

నేను వచ్చి చూద్దామంటే కుదరదు. నిన్ను బడిలో వేసిన పూట తప్ప ఈ కొట్టు తలుపులు మూసిన గుర్తు లేదు. పైగా హోటలు వాళ్ళ దుప్పట్లు కొండలా పడి ఉన్నాయి. ఈ వారం మూట పంపకు, చూసే తీరిక లేదు.

మీ నాన్న

తా.క. ఆ పాత జెట్టీ దగ్గర బస్సు ఆగుతుందా? బాబాయి ఆగదంటాడు, నేను ఆగుతుందంటాను. ఊరికే, మాట పట్టింపు.

*

నాన్నకి, నీ పిడుగు నమస్కారాలు.

ఆగుతుంది నాన్నా. జెట్టీ దగ్గర బస్సు ఆగుతుంది. బాబాయికి చెప్పు.

ఉద్యోగం వచ్చింది! ఎలా వచ్చిందో చెబితే నమ్మవు.

ఆ పొద్దున దుప్పటి కప్పుకుని అలల అంచునే పడి ఉన్నాను. నన్ను నురగ అనుకున్నాయో ఏమో, పిట్టలు ఆ తెల్లదనానికి అలవాటు పడ్డాయి. మన పిట్ట సరిగ్గా నా ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో నిద్రపోతోంది. ఒంటికాలి మీద. పట్టీ కాలు పొట్టలో. నా వేలు బటన్ మీద. ఎండ పైకొచ్చింది, చేతులు మొద్దుబారాయి, ముక్కు దురద పుట్టింది, గోక్కోలేదు. కాలు దింపు తల్లీ అని మనసులో బతిమాలుతున్నాను.

అప్పుడు జెట్టీ వైపు నుంచి ఒక మనిషి ఊడిపడ్డాడు. తెల్ల చొక్కా, మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటు, చేతిలో చెప్పులు. రెండు చేతులూ పైకెత్తి ఏదో అరుస్తూ నా మీదికే పరుగు! గాలికి ఒక్క ముక్క వినపడలేదు. పిట్టలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. ఆ కోపంలో నా వేలు బటన్ మీద బిగుసుకుపోయింది. తల ఎత్తేసరికి కళ్ళ నిండా ఇసుక. కనపడని ఆ మనిషిని నోటికొచ్చినట్టు తిట్టాను. "బుద్ధుందా? పనీ పాటా లేదా? ఇంటికి పో!" అన్నాను. ఇంకా అన్నాను, అవి రాయను. కళ్ళు కడుక్కుని చూస్తే లేడు.

అయిపోయింది, స్టూలే గతి అనుకుంటూ ఆఫీసుకి పోయి ఫోటోలు చూశాను. ఉలిక్కిపడి లేచిన పిట్ట రెండు కాళ్ళూ వేలాడేసింది నాన్నా! పట్టీ నా వైపే తిరిగి ఉంది. రెండక్షరాలూ నీ సిరా గుర్తులా స్పష్టంగా ఉన్నాయి. మేడమ్ చాలాసేపు చూసింది. తర్వాత గదిలోవాళ్ళతో, "ఆ కుర్చీ మీద కోట్లు తీసేయండి" అంది. నన్ను కూర్చోమంది.

పట్టీ కట్టినవాళ్ళకి కబురు పంపాం. ఆ పిట్ట ఏనాడో పోయిందనుకున్నారట.

ఫోటో పెద్దది చేసి ఆఫీసు గోడకి పెడతారట. ఒక ప్రతి నీకు పంపుతున్నాను. పిట్ట వెనకాల మసగ్గా, చేతులు పైకెత్తి, ఆ మనిషి ఉన్నాడు. ఎవరో కనుక్కోమని మేడమ్ పట్టుకుంది. ఇక్కడెవరికీ తెలియదు. అంత మసకలోనూ చొక్కా కుడి చేతి ఇస్త్రీ మడత కత్తిలా కనపడుతోంది. ఎడమ చేతిది మాత్రం నలిగిపోయింది.

ఉంటాను,
నీ పిడుగు

తా.క. ఆ మనిషిని తిట్టినందుకు మనసు మనసులో లేదు. నీకు ఎక్కడైనా కనపడితే చెప్పు.

*

పిడుగుకి నాన్న దీవెనలు.

ఫోటో అందింది. కొట్లో అందరికీ కనపడేలా పెట్టాను. వచ్చినవాళ్ళకి పిట్టని చూపిస్తుంటే, వెనకాల ఆ మనిషెవరని అడుగుతున్నారు. నాకేం తెలుసు? ఆ రోజు నేను కొట్లోనే ఉన్నాను. తలుపులు మూసి ఉన్నాయని పక్కన సైకిలు షాపు ఆయన చెబితే నమ్మకు. లోపల ఉండి మూసుకున్నాను.

ఎవడో పిచ్చివాడై ఉంటాడు. కాకపోతే వాడి వైపు నుంచి కూడా ఒకసారి చూడు. అంత దూరం నుంచి చూసేవాడికి గుప్పెడంత పిట్టలు కనపడవు, పెనంలో పెట్టిన కెమెరా కనపడదు. అలల అంచున ఒక తెల్ల దుప్పటి, దాని అంచున నల్లగా జుట్టు, అంతే. పిలిస్తే కదలదు. గట్టిగా పిలిచినా కదలదు. బోర్లా పడుకునే ఉద్యోగాలు ఉంటాయని వాడికి ఎవరైనా రాసినా, ఆ క్షణంలో గుర్తొస్తుందా?

తిట్టినందుకు బాధపడకు. ఆ తిట్లు వినేసరికి వాడికి ప్రాణం లేచొచ్చి ఉంటుంది. "గాడిద గుడ్డు మొహం" వాడికి బాగా నచ్చి ఉంటుంది. బస్సు వచ్చేదాకా తలుచుకుని నవ్వుకునే ఉంటాడు.

పట్టీ కట్టినవాళ్ళకి తమ పిట్ట బతికే ఉందని తెలిసిందన్నావు. మంచిది. ఆ పొద్దున ఇంకొకడికి కూడా తెలిసింది. అది మీ మేడమ్‌కి చెప్పక్కర్లేదు.

నీ స్టూలు మీద గొడుగు తీసేశాను. కోపం తెచ్చుకోకు, నీ కోసం కాదు. ఒక బట్టకీ ఇంకో బట్టకీ మధ్య నేనే కాసేపు కూర్చుంటున్నాను. బాగానే ఉంది. మీ అమ్మ వచ్చి వింతగా చూసి పోతోంది. మూట పంపడం మానకు. ఇక నుంచి బురద ముందు వైపే ఉండాలి, వెనక వైపు కనపడితే మాత్రం జవాబు చెప్పాలి.

మీ నాన్న

తా.క. పెద్ద ఫోటో గోడకి పెట్టేముందు ఆ ఎడమ చేతి మడత ఎలాగైనా సరిచేయించమను. అది ఇస్త్రీ తప్పు కాదు. అంత దూరం బస్సు కిటికీకి ఆనుకుని కూర్చుంటే ఎవరి చొక్కా అయినా అంతే.